రంగు గోడకు నీళ్లు

నేను ఇంతవరకు ఏదీ రాసింది లేదు. నాలుగో క్లాసుతో ఆగిన చెయ్యి నాది. మా మహిళా సంఘం గ్రూపులో "నువ్వూ ఏమన్నా రాయక్కా" అంటే సిగ్గయి ఊరకుంటి. కానీ మొన్న నేను చేసిన ఘనకార్యం నేను చెప్పకపోతే పక్కింటి శాంతక్క చెప్తాది. ఆయమ్మ చెప్తే రెండింతలు అయితాది. అందుకే నేనే రాస్తాండా.

ఇంటి ముందర కొత్తగా ఒక రూము కట్టిస్తిమి, నా కుట్టు మిషన్‌కని. ఇన్నేండ్లూ వంటింటి మూలలో, పప్పు ఉడికే ఆవిరిలో కుట్టినా. పండగ జాకెట్లు మొదలయ్యే శుక్రవారానికి మిషన్ కొత్త రూములోకి పోవాలని నా ఆశ. మా ఆయనది తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. "శుక్రవారానికి రెడీ కాకపోతే నా బండి పెట్టుకుంటా" అని నగుతాండె. నగేది నగుతాడు గానీ, బండి ఒకసారి లోపలికొస్తే మళ్లీ బయటికి పోతాదా?

ప్లాస్టరింగు చేసిన హుసేనప్ప మేస్త్రీ ఒకటే మాట చెప్పె. "అమ్మా, పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాల. లేకుంటే పగుళ్లొస్తాయి."

కొడ్తి. గోడలు సరే, సీలింగుకు పైపు పైకెత్తితే సగం నీళ్లు నా నెత్తినే! "నాకు చెంబెడు నీళ్లియ్యను తీరదు, గోడకైతే రెండుపూటలా" అని మా ఆయన. రూము అయినాక కాంపౌండు గోడ ప్లాస్టరింగు. దానికీ నేనే. లేస్తానే మోటరు వేసేది, పైపు పట్టేది. చేతులకు అదే అలవాటయిపాయె.

రూము బాగా ఆరె. పెయింటరేమో ఈరోజు, రేపు అంటాండె. చూసి చూసి, బుధవారం నేనూ శాంతక్కా దిగితిమి. గోడలకు పిస్తా రంగు, సీలింగుకు తెలుపు. రోలరును పొడుగు కట్టెకు కట్టి సీలింగు మీద తిప్పుతాంటే చుక్కలు టపటపా నా మీదనే. "అక్కా, తలె పూర్తి బెళ్లగాయ్తు!" అని కన్నడంలో నగె శాంతక్క. తలంతా తెల్లగైందంట. అంతా రంగు వల్లనే అని చెప్పుకుంటి!

సాయంత్రానికి రూము ఎట్లుందనుకున్నారు! ముసురు పట్టి రంగు ఇంకా పచ్చిగానే ఉన్నా, ఊరూరికే పోయి చూసొస్తి.

గురువారం పొద్దున. లేస్తి. మోటరు వేస్తి. పైపు పడ్తి. కండ్లు సరిగా తెరవనే లేదు, కాళ్లు తిన్నగా రూములోకే పాయె. సీలింగుకు ఒక రౌండు, గోడలకు ఒక రౌండు. కింద చూస్తే పిస్తా రంగు నీళ్లు పారతాండాయి. "ఈ నీళ్లకేమొచ్చెబ్బా?" అనుకుంటి గానీ, పైపు ఆపితే గదా!

"అయ్యో సావిత్రక్కా! ఏన్ మాడ్తా ఇద్దీరి!" అని గోడవతల నుంచి శాంతక్క కేక, ఏం చేస్తాండావని.

అప్పటికే గోడలంతా చారలు చారలు. గడప మీదనే కూలబడితి. ఏడుపొచ్చె. శుక్రవారం పాయె, మిషన్ పాయె, బండి వచ్చె!

అంతలో నైట్ షిఫ్టు బస్సు దిగి మా ఆయన వచ్చె. గోడను చూసె, పైపును చూసె, నన్ను చూసె. అరుస్తాడనుకుంటి.

"ఏమే, ఇన్నాళ్లూ గోడకు నీళ్లు తాపితివి. ఈరోజు స్నానం గూడా చేపిస్తివా?"

కాంపౌండు పనికి వచ్చిన హుసేనప్ప మేస్త్రీ గోడ తట్టి చూసె. "ఏం కాలేదులేమ్మా. బాగా ఆరనిచ్చి ఇంకో కోటు కొడితే సరి. ఇన్ని నీళ్లు తాగిన గోడను నేను యాడా చూళ్లే. దీనికి జల్మలో పగుళ్లు రావు!"

నేను మెల్లగా అడిగితి. "మరి బండి?"

"నా బండి ఈడ పెడితే లేస్తానే దానికీ నీళ్లు కొడతావు. నాకొద్దమ్మా. నీ మిషనే పెట్టుకో" అనె మా ఆయన. ఇంకో కోటు పండగైనాక కొడదాంలే అని, సాయంత్రం ఆయనే ఒక పక్క పట్టి మిషన్ లోపల పెట్టిచ్చె.

శుక్రవారం పొద్దున లేస్తి. మోటరు వేయకముందే రూముకు బీగం వేసి, బీగంచెవి శాంతక్కకిచ్చొస్తి. కాంపౌండు గోడకు నీళ్లు పట్టినాక, మొదటి జాకెట్ కుట్టను బీగంచెవికి పోతే, ఆయమ్మ వాకిట్లోనే నిలబెట్టె.

"ముందు రెండు చేతులూ చూపించక్కా. పైపు లేదంటేనే ఇస్తా."

చూపిస్తి.