అవమానం బీరువా

మా లైబ్రరీ సారు పోయారని చండ్రుగొండ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. చండ్రుగొండ ఊరి నుంచి వచ్చి, తొమ్మిదో తరగతి నుంచి బెంచీలో నా పక్కన కూర్చున్న మనిషి ఆమె. కబురు ముందు ఆమెకు తెలిసి, ఆమె చెబితే నాకు తెలియడం. ఆయన పోయిన బాధ కంటే ముందు నాకు తగిలింది అదే. ఈ మాట దాచి సారు గురించి రాస్తే అబద్ధమవుతుంది.

మా కాన్వెంట్‌లో లైబ్రరీ అంటే మెట్ల కింద గది. మధ్యాహ్నం అన్నం తిని అందరూ గ్రౌండుకు పోతే నేను అక్కడికి వెళ్ళేదాన్ని. పుస్తకం చేతికిచ్చే ముందు సారు దాని అట్టను అరచేత్తో ఒకసారి తుడిచేవారు, దుమ్ము లేకపోయినా. "పుస్తకం నోరు తెరిచి అడగాలె బిడ్డా, చూపుతోటి కాదు," అనేవారు. నేను చూపుతోనే అడిగేదాన్ని. ఇచ్చేవారు. నేనేం చదివినా ఆ గదిలో మొదలైందే.

ఒక సోమవారం ఆ గదికి తాళం ఉంది. సారు ఐపీ పెట్టారని స్టాఫ్‌రూమ్ బయట విన్నాను. తమ్ముడి పురుగుమందుల దుకాణానికి హామీ సంతకం చేసి, అది మునిగితే అప్పు తీర్చలేక కోర్టులో దివాలా దరఖాస్తు వేశారు. మా వైపు దాన్ని ఐపీ పెట్టడం అంటారని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిన ఐపీ ఒక్కటే, దవాఖానాలో ఓపీ పక్కన, మంచాన పడ్డ రోగుల వార్డులకు ఉండే బోర్డు. నాలుగు బత్తాయిలు కొని, చండ్రుగొండ అమ్మాయిని తోడు తీసుకుని వార్డులన్నీ తిరిగాను. నర్సులందరినీ అడిగింది ఆమే. సారు ఎక్కడా లేరు.

ఐపీ పెట్టిన మనిషి పిల్లలకు ఆదర్శం కాడని స్కూలు ఆయన్ని తీసేసింది. నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. సారు కేసు వేశారు. అది తేలేలోపు మేం డిగ్రీకి వచ్చాం.

వకీలు ఆయనకొక చిక్కు చెప్పాడు. గెలిచినా, రావలసిన జీతం దివాలా వ్యవహారం చూసే రిసీవర్ చేతికి పోతుంది, అక్కడి నుంచి అప్పులవాళ్ళకు. పడిన అవమానానికి విడిగా పరిహారం ఇప్పిస్తే అది మాత్రం ఆయనదే. కానీ ఆ అవమానం గురించి ఎవరో ఒకరు కోర్టులో చెప్పాలి. సారుకు తన గురించి తాను చెప్పుకోవడం చేతకాదు.

ముందు నన్నే అడిగారు. మా గుమ్మంలో నిలబడి, బత్తాయిల సంగతి చెబితే చాలన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

చండ్రుగొండ అమ్మాయి కోర్టులో చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

"మా సారు ఏడికి పోయిండ్రో మాకెవ్వరు చెప్పలే. ఐపీ అంటే దవాఖానా అనుకొని బత్తాయిలు పట్టుకొని మంచం మంచం ఎతికినం. దొరకలే. బస్టాండ్ల కూసొని మేమే తిన్నం."

జడ్జిగారు నవ్వబోయి ఆగిపోయారు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బత్తాయిలు కొన్నది నేను. ఆ పొరపాటు నాది. ఆమె నోట అది సారుకు సాక్ష్యమైంది. కొన్నది నేనని నా పేరు కూడా చెప్పింది. అది ఇంకా మండింది.

తీర్పులో రెండూ వచ్చాయి. "జీతం వాళ్ళది, అవమానం నాది," అన్నారు సారు. అవమానానికి వచ్చిన ఆ డబ్బుతో తల్లాడలో తన ఇంటి వరండాలోకి అద్దాల టేకు బీరువా చేయించారు. పిల్లలు వస్తే, "అవమానం తెరిచి ఏది గావాల్నో తీస్కోండ్రి," అనేవారు.

రెండేళ్ళ కింద ఆయన లోపలికి వెళ్ళినప్పుడు నేనొక పుస్తకం సంచిలో వేసుకున్నాను, అడగకుండా. ఆమెకు లేనిది నాకొకటి కావాలనిపించింది. తిరిగి ఇవ్వలేదు. సారు అడగలేదు.

సారు పోయిన పదకొండో రోజు తల్లాడ వెళ్ళాను. బీరువా తాళంచెవి ఆమె చున్నీ కొసకు ముడేసి ఉంది. సారే ఇచ్చారట.

అద్దంలోంచి చూశాను. రెండో అరలో నేను తీసిన చోట పుస్తకాలు పక్కకు వాలలేదు. సరిగ్గా ఆ మందాన ఒక టేకు చెక్క నిలబెట్టి ఉంది. అదేందని అడిగాను.

"ఎవరికో జాగ ఆపిండ్రు సారు. దగ్గరికి జరపొద్దన్నరు," అంది.

ఆమె బీరువా తెరిచి ఒక్కో పుస్తకం తుడుస్తూ వచ్చింది. చెక్క దగ్గరికి వచ్చాక దాన్నీ తీసి, అరచేత్తో ఒకసారి తుడిచి, తిరిగి ఆ ఖాళీలో నిలబెట్టింది.