మూడో అంతస్తు కేక

మా ఆయన సకుజోకి గడ్డి చాపలు కుట్టడం పొట్టకూడు, కేక వేయడం ప్రాణం. నలభై ఏళ్లుగా నెలకోసారి ఒసాకా కబుకి నాటకశాలకి వెళ్లి మూడో అంతస్తు చివరి వరసలో కూర్చునేవాడు. నటుడు కాలు తాటించి, తల గిర్రున తిప్పి, గుడ్లురిమి బిగుసుకుని నిలబడే ఆ ఒక్క క్షణంలో అతని వంశం పేరు పెట్టి "కువనాయా!" అని అరవాలి. తొందరపడితే రసాభాస, ఆలస్యమైతే నగుబాటు. ఆ అదను కోసం ఇంట్లో స్నానాల తొట్టిలో కూర్చుని కూడా సాధన చేసేవాడు. నేను మాత్రం ఒక్కనాడూ ఆ గడప తొక్కలేదు. పొద్దస్తమానం చేపల బజారులో అరిచి వచ్చేదాన్ని, ఇంకొకళ్ల అరుపులు వినడానికి నాకేం పిచ్చా?

నిరుడు చలికాలంలో మా ఆయన గొంతుకి ఆపరేషనైంది. ఆరు నెలలు మాట్లాడకూడదు, అరిస్తే ఉన్న గొంతు కూడా పోతుందన్నాడు డాక్టరు. ఇల్లు కాస్త చల్లబడింది, నిజం చెప్పొద్దూ! అంతలో, చనిపోయిన పెద్ద కువనాయ నటుడి కొడుకు మొదటిసారి తండ్రి వేషం కడుతున్నాడని తెలిసింది. మా ఆయన పలక మీద రాశాడు: "వెళ్లాలి."

"నోరు తెరిచావంటే ఊరుకోను, ఏమనుకున్నావో!" అని కాపలాకి నేనూ వెళ్లాను.

ఎప్పుడూ మా ఆయనకి తోడుగా కేకలేసే ఇద్దరూ ఆ రోజు లేరు. ఒకాయన కాలం చేశాడు, రెండో ఆయనకి మోకాళ్ల నొప్పులు. విరామంలో నేను ముల్లంగి ఊరగాయ నములుతుంటే పక్క సీటు ముసలమ్మ అడిగింది.

"సకుజోగారూ, ఇవాళ కుర్రాణ్ణి ఎవరు పిలుస్తారండీ?"

ఆయన గొంతు మీది కట్టు చూపించాడు.

"అయ్యయ్యో! పిలిచేవాడు లేకపోతే పాపం వాడు చేలో దిష్టిబొమ్మేగా!"

"మీరే పిలవండమ్మా" అన్నాను.

"బాగుంది! ఆడవాళ్లు పిలుస్తారా ఎక్కడైనా?"

తెర లేచింది. జనం మధ్య బాట మీదుగా కుర్రాడొచ్చాడు. మూడో అంతస్తుకి కూడా వాడి భయం కనబడుతోంది. వేదిక పక్కన తాళపు చెక్కలు టకటకా మోగాయి. కాలు తాటించాడు. తల తిప్పుతున్నాడు. పక్కన మా ఆయన మెడనరాలు ఉబ్బాయి, నోరు తెరుచుకుంటోంది. చటుక్కున అరచేత్తో మూసేశాను. ఆ కళ్లల్లో నీళ్లు చూశాక నా ప్రాణం ఉసూరుమంది.

"కువనాయా!"

అరిచింది నేనే. చేపల బజారు ఈ చివర నుంచి ఆ చివరికి వినబడే గొంతు నాది. తలలన్నీ పైకి తిరిగాయి. కింద కుర్రాడి గడ్డం పైకి లేచింది, కళ్లు నిప్పుల్లా వెలిగాయి. హాలంతా చప్పట్లు.

నా ఒళ్లంతా చెమటలు. మా ఆయన పలక తీసి గీకాడు: "అర ఊపిరి ఆలస్యం."

"ఓరి నీ విశ్వాసం పాడుగానూ! నలభై ఏళ్లు తలుపవతల నుంచి విని నేర్చుకున్నదానికి ఆ మాత్రం రావడమే ఎక్కువ!"

ఆయన చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని, అదే చేత్తో పలకా తుడిచి మళ్లీ రాశాడు.

"ఇంకా మూడుసార్లు అలా బిగుసుకుని నిలబడతాడు. ఈసారి నేను నీ చెయ్యి నొక్కినప్పుడు కేకెయ్యి."