సువార్తమ్మ ఓకే నొక్కింది, వారెంటు వచ్చింది

2023 వానాకాలం. ఆబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణం పక్కనున్న మెట్లెక్కితే రెండో అంతస్తులో మా ఆఫీసు. మూడు గదులు, తొమ్మిది మంది, ఒక ఏసీ. ఏసీ ఉన్న గదిని బోర్డ్ రూమ్ అనేవాళ్ళం, ఎందుకంటే అందులో గోడకు ఒక తెల్లబోర్డు ఉండేది. నా విజిటింగ్ కార్డు మీద "గ్రోత్ లీడ్" అని ఉండేది. కంపెనీ పెరిగితే పేరు అందరిదీ, పెరగకపోతే తప్పు నాదీ అని దానర్థం. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు.

మేం చేసింది వకీళ్ళ కోసం ఒక యాప్. కేసు వాయిదా పడితే, అంటే విచారణ ఇంకో తేదీకి వెళ్తే, ఆ కొత్త తేదీ కేసులో ఉన్న మనిషి ఫోనుకు మెసేజ్‌గా వెళ్తుంది. కింద "ఓకే" అని ఒక బటన్. అది నొక్కగానే మా డాష్‌బోర్డులో, అంటే కేసులన్నీ ఒక్కచోట కనిపించే తెర మీద, ఆ పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. మా ఫౌండర్ ప్రకాశ్ దీన్ని "న్యాయాన్ని అందరి చేతికి అందించడం" అనేవాడు. నేను "మెసేజ్ పంపడం" అనేవాణ్ణి. జీతం ఇచ్చేది ఆయన కాబట్టి వెబ్‌సైటు మీద ఆయన మాటే ఉండేది.

ఆ ఏడాది మా ముందున్న ప్రశ్న ఒక్కటే: ఎవరికి అమ్మాలి? నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే వకీలు దగ్గర ఒక గుమాస్తా ఉంటాడు. ఫైళ్ళు మోసేది, పిటిషన్లు వేసేది, కక్షిదారులకు ఫోన్లు చేసేది అతనే. మొదట యాప్‌ను గుమాస్తాలకే ఇచ్చాం. వాళ్ళు తేదీలు చూసుకునేవాళ్ళు, మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు, నెల చందా మాటెత్తితే చాయ్ తాగించేవాళ్ళు. చాయ్‌తో కంపెనీ పెరగదు. పెట్టుబడి పెడతానన్న ఒక బెంగళూరు పెద్దమనిషి వీడియో కాల్‌లో సూటిగా చెప్పాడు. వకీళ్ళకు అమ్మండి, గుమాస్తా పని యాప్ చేస్తుందని చూపించండి, అప్పుడు జిల్లా కోర్టులన్నిటికీ వెళ్ళడానికి డబ్బు నేనిస్తాను.

ప్రకాశ్ నన్ను ఒక్క వాక్యం రాయమన్నాడు. నేను కోర్టుకు వెళ్ళి పరిశీలించి మరీ రాశాను. పరిశీలన రెండు గంటలు. అందులో గంటన్నర గేటు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో గడిచింది. "గుమాస్తా ఫోన్లు ఇక అక్కర్లేదు" అన్నది ఆ వాక్యం. బోర్డ్ రూమ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిది మందే కాబట్టి కింద దుకాణంవాళ్ళు ఏమీ అనుకోలేదు.

అందరికీ అమ్మేముందు ఒకచోట పెట్టి చూడటాన్ని పైలట్ అంటారు. మా పైలట్ బషీర్‌బాగ్‌లో రామేశ్వరరావు గారనే వకీలు దగ్గర మొదలైంది. ఆయన దగ్గర ముప్పై ఏళ్ళుగా గుమాస్తా నర్సింలు. వకీలు గారు నా వాక్యం చదివి ముచ్చటపడి, నా ఎదురుగానే ఆయనకు చెప్పేశారు.

"నర్సింలూ, ఇకనుంచి పార్టీలకు ఫోన్లు చెయ్యకు. యాప్ చూసుకుంటది."

నర్సింలు నా వైపు చూశాడు. "మంచిగైంది తమ్మీ. ముప్పై ఏండ్లకు నా గొంతుకు రికాం దొరికింది."

నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని, మా వెబ్‌సైటులో వేసుకోవచ్చా అని అడిగాను. ఆయన ఫైళ్ళు కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఐదు వారాలు డాష్‌బోర్డు పచ్చగా కళకళలాడింది. ఆరో వారంలో ఒక మధ్యాహ్నం నర్సింలు మా మెట్లెక్కి వచ్చాడు. ఆయన వెనక ఒకామె. నలభై ఐదేళ్ళుంటాయి. దవాఖానల్లో ఆయాలు కట్టే నీలం అంచు తెల్లచీర. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఈమె సువార్తమ్మ. లక్డీకాపూల్‌ల ఒక నర్సింగ్ హోమ్‌ల ఆయా. మీ మిషన్‌ల ఈమె పేరు జర చూపియ్యి తమ్మీ."

చూపించాను. సువార్తమ్మ, తేదీ, కోర్టు, పక్కన ఆకుపచ్చ టిక్కు.

"గా టిక్కంటే ఏంది?"

"ఆమెకు విషయం తెలిసిందని."

"ఔ, తెలిసింది. ఇయ్యాల పొద్దున తెలిసింది. పోలీసాయన దవాఖానకొచ్చి చెప్పిండు."

కేసు పెద్దదేం కాదు. రెండేళ్ళ కింద వాళ్ళ బస్తీలో నీళ్ళ ట్యాంకర్ దగ్గర కొట్లాట జరిగింది. తోపులాటలో ఒకామె చెయ్యి విరిగింది. ఫిర్యాదులో నాలుగు పేర్లు రాస్తే, అందులో మూడోది సువార్తమ్మది. బెయిలు మీద ఉంది. పిలిచినప్పుడు కోర్టుకు రావాలి. మొన్న వాయిదాకు కోర్టు హాలు గుమ్మం దగ్గర ఆమె పేరు మూడుసార్లు పిలిచారు, ఎవరూ పలకలేదు. ఎన్‌బీడబ్ల్యూ జారీ అయింది. అంటే మనిషిని పట్టుకుని కోర్టు ముందు నిలబెట్టమనే వారెంటు. ఆ కాగితం పట్టుకుని కానిస్టేబుల్ నర్సింగ్ హోమ్ వార్డులోకి వచ్చి ఆమె పేరు అడిగాడు. మర్యాదస్తుడే. రేపు పదిన్నరకల్లా నీ అంతట నువ్వే కోర్టులో హాజరవమని చెప్పి వెళ్ళాడు. రేపు జడ్జి గారు వారెంటు వెనక్కి తీసుకుంటే ఆమె ఇంటికి, లేకపోతే జైలుకు.

నేను ఇంకా నా టిక్కును కాపాడుకునే పనిలోనే ఉన్నాను.

"అమ్మా, మెసేజ్ చూశారా?"

"చూసిన సారూ."

"చదివారా?"

"ఏడో తరగతి దాంక చదివిన. తారీఖు చదవరాదా?"

"మరి ఓకే ఎవరు నొక్కారు?"

"నేనే. వకీలు సారు పేరు మీద వచ్చింది. పెద్దమనిషి ఒక మాట చెప్తే ఓకే అనకుంటే బాగుంటదా?"

"తేదీ తెలుసు, ఓకే నొక్కారు. మరి ఎందుకు రాలేదమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. ఇంత చిన్న సంగతి తెలియనివాడికి ఇంత పెద్ద కంప్యూటర్ ఎందుకిచ్చారన్నట్టుంది ఆ చూపు.

"తారీఖు వేరు, వచ్చుడు వేరు కదా సారూ. నర్సింలన్న ఫోన్ చేసి రమ్మంటే వస్త, వద్దంటే డ్యూటీకి పోత. రెండేండ్ల సంది గట్లనే కదా. ఈసారి అన్న ఫోన్ రాలే. రావల్సిన పని లేదేమో అనుకున్న."

అప్పుడు నర్సింలు నాకు వివరించాడు. ప్రతి వాయిదాకూ ముద్దాయి రానక్కర్లేదు. జడ్జి సెలవులో ఉన్నా, సాక్షి రాకున్నా ఆ రోజు కేసు నడవదు. అలాంటప్పుడు ఆబ్సెంట్ పిటిషన్ అని ఒకటి వేస్తారు. ఈ రోజు రాలేకపోయారు, మన్నించండి అని. దాంతో కూలీ మనిషికి ఒక రోజు పని మిగులుతుంది. ఏ వాయిదాకు రావాలి, దేనికి వద్దు అన్నది ముందురోజు కోర్టులో కనుక్కుని చెప్పేది గుమాస్తా. మా మెసేజ్‌లో తేదీ ఉంది, కోర్టు ఉంది, కేసు నంబరు ఉంది, మా లోగో ఉంది. రావాలా వద్దా అన్న ఒక్క ముక్క లేదు. ఆ రోజు వకీలు గారు, ఆయనతో నర్సింలు, ఇంకో కోర్టులో ఉన్నారు. టిక్కు చూసిన ఆయన జూనియర్ వకీలు, ఆమె వస్తుంది కదా అని పిటిషన్ వెయ్యలేదు. ఆమె ఫోన్ కోసం చూసింది, జూనియర్ ఆమె కోసం చూశాడు, మేం టిక్కును చూసుకుని మురిశాం.

నర్సింలు ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అరిచి ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

ప్రకాశ్‌కు చెప్పాను. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, "యూజర్ ఎర్రర్ అందాం" అన్నాడు. తప్పు యంత్రానిది కాదు, వాడిన మనిషిది అని చెప్పడానికి మా వృత్తిలో ఉన్న మర్యాదైన మాట అది. మర్నాడు పదకొండింటికి బెంగళూరాయనతో ఆఖరి కాల్. నన్ను ఉండమన్నాడు. నేను కోర్టుకు వెళ్తానన్నాను. ధైర్యమేం కాదు. గాజు తలుపుకు అవతల ఆమె ఇంకా నిలబడే ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు నాంపల్లి కోర్టు వరండాలో నర్సింలు పక్కన కూర్చున్నాను. ఆయన అట్ట చిరిగిన నోటుబుక్కు తెరిచి ఫోన్లు చేస్తున్నాడు. వకీలు గారు మళ్ళీ చెయ్యమన్నారా అని అడిగితే, "ఆయన వద్దన్నడు, మళ్ళ చెయ్యమనలే. నేనే చేస్తున్న" అన్నాడు.

"రాజన్నా, రేపు రాకు. సాక్షి వస్తలేడట. నేను పిటిషన్ ఏస్త. నువ్వు పనికి పో... ఖాసింభాయ్, రేపు నువ్వు మాత్రం పక్కా రావాలె. ఆధార్ తీస్కొని రా. ఏ అంతస్తుకొస్తవ్? చెప్పు. కాదు, రెండోది. ఇంకోసారి చెప్పు... ఔ, ఇప్పుడు సరిగ్గ చెప్పినవ్."

అవతలి మనిషి తిరిగి అప్పజెప్పేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు. ఒకతని గొంతు విని, తాగి ఉన్నాడని కనిపెట్టి, వాళ్ళావిడకు ఇమ్మని ఆమెతో మాట్లాడాడు. నేను "ఫోన్లు" అని ఒక్క మాటలో కొట్టేసిన పని ఇది.

సువార్తమ్మ గోడకానుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు. తర్వాత కళ్ళు తెరిచి నన్నడిగింది.

"సారూ, జైలంటే బట్టలు మనవేనా, వాళ్ళిస్తరా?"

నాకు తెలియదన్నాను. ఆ రోజంతా నేను చెప్పిన నిజమైన మాట అదొక్కటే అనిపిస్తుంది.

పదకొండున్నరకు పిలిచారు. రామేశ్వరరావు గారు స్వయంగా వచ్చి, వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ ఇచ్చారు. జడ్జి గారు కాగితం చదివి సువార్తమ్మను అడిగారు.

"ఏమ్మా, తేదీ తెలియదా?"

"తెలుసు మేడం."

వకీలు గారు కంగారుగా ఏదో చెప్పబోయారు. జడ్జి గారు చేత్తో ఆపారు.

"తెలిసి ఎందుకు రాలేదు?"

"రావాల్నో వద్దో చెప్పలే మేడం. తారీఖు ఒక్కటే చెప్పిన్రు."

జడ్జి గారు వకీలు గారి వైపు చూశారు. వకీలు గారు జూనియర్ వైపు చూశారు. జూనియర్ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నా వెనక గోడ తప్ప ఇంకెవరూ లేరు.

జడ్జి గారు ఫైలు తిరగేశారు. అంతకుముందు రెండేళ్ళలో ఆమె ఒక్క వాయిదా కూడా తప్పలేదని ఫైలే చెప్పింది. రావాల్సినప్పుడల్లా వచ్చింది, రాలేనప్పుడల్లా పిటిషన్ ఉంది. అవన్నీ నర్సింలు చేతిరాత. వారెంటు రీకాల్ చేసి, చిన్న జరిమానా వేసి, "ఇంకోసారి ఇలా అయితే లోపలికి పంపాల్సి వస్తుంది" అన్నారు. సువార్తమ్మ దండం పెట్టి బయటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. నర్సింలు నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

ఆఫీసుకు వచ్చేసరికి ప్రకాశ్ ఒక్కడే ఉన్నాడు. కాల్‌లో "యూజర్ ఎర్రర్" అనే అందామనుకున్నాడట, కానీ నోరు రాక జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. బెంగళూరాయన శ్రద్ధగా విని, గుమాస్తా లేకుండా నడవని యాప్ స్కేల్ అవ్వదన్నాడు. స్కేల్ అంటే మనుషుల్ని పెంచకుండా వ్యాపారాన్ని పెంచడం. ఇక డబ్బు రాదు.

"ఏం చేద్దాం?" అన్నాడు ప్రకాశ్.

"ముందు మెసేజ్‌లు ఆపుదాం."

ఆ సాయంత్రమే ఆపాడు. నాకు తెలిసి ఆయన తీసుకున్న పెద్ద నిర్ణయం అదే, దాన్ని ఏ సభలోనూ చెప్పుకోలేదు. రెండు నెలలు పట్టింది మళ్ళీ మొదలుపెట్టడానికి. ఇప్పుడు "రావాలి" లేదా "రానక్కర్లేదు" అని గుమాస్తా నొక్కితేనే మెసేజ్ కదులుతుంది, ఆయన రికార్డు చేసిన గొంతుతోనే వెళ్తుంది. కొనేది గుమాస్తాలే. చందా తక్కువ, నెమ్మదిగా పెరుగుతున్నాం. మా తొమ్మిది మందిలో ఇద్దరు ఉద్యోగం మానేసి వెళ్ళారు. ఏసీ మాత్రం మాతోనే ఉంది.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది.

సువార్తమ్మను నర్సింగ్ హోమ్‌లో మళ్ళీ డ్యూటీకి రానివ్వలేదు. నేను కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి తీసుకెళ్ళాను. "పొరపాటు సువార్తమ్మ గారిది కాదు, మాది" అని. ఉద్యోగంలో చేరాక ఒక్క పొగడ్త మాట లేకుండా నేను రాసింది అదొక్కటే. మేనేజరు పూర్తిగా చదివాడు.

"నాకు తెలుసు బాబూ, ఆమె తప్పేం లేదు. కానీ పోలీసు వార్డుల నిలబడి పేరు అడిగిండు. పేషెంట్లు విన్నరు, వాళ్ళ ఇంటోళ్ళు విన్నరు. ఇప్పుడు వాళ్ళందరినీ పిలిచి ఈ కాయితం చదివి వినిపియ్యాల్నా?"

ఉత్తరాన్ని మడత పెట్టి నా చేతికే ఇచ్చాడు.

తర్వాత కొన్ని నెలలకు బస్తీవాళ్ళు రాజీపడి కేసు ముగిసింది. ఆమె గౌలిగూడలో ఒక ఇంట్లో మంచాన ఉన్న ముసలామెను చూసుకుంటోంది. ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉన్న బాబూ. పని తక్కువనే. కాకపోతే గాడ పేషెంట్లందరు నన్ను సిస్టర్ అనేటోళ్ళు."

నన్ను తిట్టి ఉండాల్సింది.

కంపెనీలు నడిపే స్నేహితులు అప్పుడప్పుడు వ్యాపారం పెంచే ఉపాయం అడుగుతుంటారు. నాకు తెలిసింది తక్కువే. ఎవరి పనిని తీసెయ్యబోతున్నారో ఆ మనిషి పక్కన కొన్నాళ్ళు కూర్చోండి. ఆ పని ఆగితే ఎవరు, దేనికోసం ఎదురుచూస్తూ ఉండిపోతారో కనుక్కోండి. కనీసం ఒక్కరి పేరైనా తెలిసేదాకా అమ్మకండి. నేను ఆ పేరు కనుక్కునే లోపల కానిస్టేబుల్ కనుక్కున్నాడు.