నాన్న నిద్ర, నూకరత్నం గొంతు

మధ్యాహ్నం రెండింటికి మా వీధిలోకి చేపల బండి వస్తుంది. మోటారు సైకిలు వెనక ఐసు పెట్టె, ముందు చిన్న మైకు. ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన గొంతు ఒకటే పాట పాడుతుంది: "తాజా చేపలు, వంజరం, కానాగంతలు." ఆ గొంతుకి ఆయాసం లేదు, బేరం లేదు, కోపం అసలే లేదు. వెనకే వచ్చే పచ్చి చేపల వాసన మాత్రం అసలైనదే. అది మూడో అంతస్తులో మా బాల్కనీ దాకా ఎక్కి వచ్చేసరికి నాకు నూకరత్నం గుర్తొస్తుంది. ఈ మైకు గనక విని ఉంటే, "ఏటమ్మా, గొంతు అద్దెకి తెచ్చుకున్నాడేటి?" అని గాజువాక దాకా వినపడేలా నవ్వేది.

నూకరత్నం సముద్రపొడ్డున కొండ పక్కనున్న యారాడ మనిషి. మొగుడు, మరిది వేటకెళ్ళి తెచ్చిన చేపలు గంపకెత్తుకుని, బస్సులు మారి ఉక్కునగరంలో మా క్వార్టర్స్‌కి వచ్చేది. పొట్టి మనిషి, మెడ మాత్రం నిటారు. ఆవిడ కొండ మీద నుంచి కేకేస్తే కింద పడవలో వాళ్ళు తలెత్తి చూస్తారని చెప్పుకునేవారు. నేను నమ్ముతాను. అలాంటి మనిషి మా బ్లాకు మెట్లెక్కేటప్పుడు నోరు కట్టేసుకుని, ఒక్కో తలుపూ వేలి కణుపుతో మెల్లగా తట్టేది. ఎందుకంటే మా కాలనీలో పగలు అరవకూడదు.

బయటివాళ్ళకి ఇది అంత తొందరగా అర్థం కాదు. మా నాన్న స్టీలు ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. రాత్రి డ్యూటీ పడ్డ వారమంతా పొద్దున్న వచ్చి పడుకునేవాడు. మా బ్లాకులో పన్నెండు ఇళ్ళుంటే, ఏ రోజు చూసినా నాలుగైదు ఇళ్ళలో మగవాళ్ళు పగటి నిద్రలో ఉండేవారు. కుక్కరు కూతేస్తుందని మా అమ్మ పప్పు గిన్నెలోనే ఉడికించేది. పిల్లలం ఆడుకున్నదీ గుసగుసల్లోనే, కొట్టుకున్నదీ గుసగుసల్లోనే. "నిద్ర చాలని మనిషి ఆ మంట ముందు నిలబడితే ఏమవుతుందో తెలుసా?" అని అమ్మ నన్ను జీవితంలో ఒక్కసారి అడిగింది. అది చాలు. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేనాటికి నేను ఎదిగాను గానీ నా గొంతు ఎదగలేదు. నాన్న మీద నాకున్న ప్రేమంతా అలా చప్పుడు చేయకుండా తిరగడంలోనే ఉందనుకునేదాన్ని.

ఆ ఏడాదే పై అంతస్తు వాళ్ళ బంధువొకడు ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి వాళ్ళింట్లో మకాం పెట్టాడు. పెద్దవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. మా అమ్మకి గ్యాస్ సిలిండరు కూడా మోసిపెట్టి మంచివాడనిపించుకున్నాడు. నేను కాలేజీ నుంచి వచ్చే వేళకి మాత్రం మెట్ల మలుపులో కాచుకుని ఉండేవాడు. మొదట దారికి అడ్డం నిలబడ్డాడు, తర్వాత పుస్తకాలు లాక్కున్నాడు, ఆ తర్వాత మణికట్టు పట్టుకోవడం మొదలుపెట్టాడు. "ప్లీజ్, వదలండి" అని నేను గుసగుసగా బతిమాలేదాన్ని. అవును, ఆ వెధవకి కూడా మర్యాద ఇచ్చాను. ఇంట్లో చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పక్క బ్లాకు అమ్మాయి ఇలాంటిదే ఇంట్లో చెప్పుకుంటే, వారం తిరక్కుండా ఆమె చదువు మాన్పించారు. నా చదువు నాకు కావాలి. అందుకని మూడు నెలలు నోరు మూసుకున్నాను.

ఒకరోజు వాడు నా చెయ్యి పట్టుకుని ఉండగా కింద నుంచి నూకరత్నం గంపతో ఎక్కి వచ్చింది. గంపని కాస్త ఓరగా వంచింది. చేపల నీళ్ళు వాడి తెల్ల చొక్కా మీద భుజం నుంచి కిందికి దిగాయి.

"అయ్యో బాబూ, దారికడ్డంగా నిలబడ్డావు, కనబడనేదు" అంది. వాడు తిట్టుకుంటూ పైకి పోయాడు.

ఆవిడ గంప దించి నా వైపు చూసింది. "అరవనేదేటే గుంటా?"

"నాన్న పడుకున్నాడు అత్తా."

"ఆడికీ తెలుసు గదే ఆ సంగతి. మీ నాయిన నిద్దర సూసుకునే ఆడికి ధైర్యం."

నాన్నకోసం నేను దాచిపెట్టిన నిశ్శబ్దాన్ని వాడు వాడుకుంటున్నాడని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మర్నాటి నుంచి నా పాఠాలు మొదలయ్యాయి. కాలేజీ నుంచి వచ్చి నేను బస్సు దిగే కూర్మన్నపాలెం జంక్షన్ లోనే ఆవిడ తొందరగా అమ్ముకుని వచ్చి ఖాళీ గంపతో గాజువాక బస్సు కోసం కూర్చునేది. ముందు నా మణికట్టు పట్టుకుని వదిలించుకోమంది. నేను వెనక్కి గుంజాను. లాభం లేదు. "సేప సేతిలోంచి ఎటు జారిపోద్ది? బొటనేలు పక్క నుంచి. పిడికిలికి అక్కడే సందు. అటు తిప్పి లాగు." తిప్పి లాగాను. వచ్చేసింది! చిన్నపిల్లలా మళ్ళీ పట్టుకోమని నాలుగుసార్లు చేయించుకున్నాను.

గొంతు దగ్గరే కష్టమైంది. ఇనప కడ్డీల లారీ వెళ్ళేటప్పుడు ఆ రొదలో అరవమనేది, ఎవరికీ వినపడదు, సిగ్గుపడక్కర్లేదు అని. నేను అరిస్తే పక్కనున్న ఆవిడకే వినపడలేదు.

"గొంతుతో కాదే, పొట్టతో. కాళ్ళు ఎడంగా పెట్టి, పడవలో నిలబడ్డట్టు నిలబడు. అమ్మా బాబూ అని ఏడవకు. ఆడేటి సేత్తన్నాడో అదే అరిసి సెప్పు. నలుగురికీ తెలవాల."

"నీకెవరు నేర్పారత్తా?" అని అడిగాను.

బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "ఎవులూ నేర్పనేదు. నానూ ఒకపాలి అరవనేదు. నీ ఈడప్పుడు, బస్సులో. సేపల కంపు మనిషి మాట ఎవులింటారని ఊరుకున్నాను. ఇప్పటికీ ఇక్కడ ముల్లున్నట్టే ఉంటాది." గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. అంత గొంతున్న మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వాడు మళ్ళీ మలుపులో అడ్డం వచ్చాడు. చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు పక్కకి తిప్పి లాగేశాను. వాడు బిత్తరపోయి, మరుక్షణం నవ్వి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "ష్... మీ నాన్నగారు పడుకున్నారు కదా" అన్నాడు.

కాళ్ళు ఎడంగా పెట్టాను.

"చెయ్యి పట్టుకుంటావేటిరా! దారికడ్డం నిలబడతావేటి! తప్పుకో!"

అది నా గొంతేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. మెట్ల గోడలు ఆ కేకని పైకీ కిందికీ మోసుకుపోయాయి. టపటపా తలుపులు తెరుచుకున్నాయి. లుంగీలతో, బనియన్లతో, ఎర్రబడ్డ కళ్ళతో నిద్రలోంచి లేచిన మనుషులంతా మెట్ల మీదికొచ్చారు. అందరికంటే ముందు మా నాన్న, చెప్పులైనా లేకుండా. వాడు ఏదో నసిగాడు గానీ వినేవాళ్ళు లేరు. సాయంత్రానికల్లా పెట్టె సర్దించి వాడిని బస్సెక్కించారు.

ఆ తర్వాత నాన్న ఇంట్లో కుర్చీలో కూర్చుని అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మూడు నెలలు."

"మరి నన్ను లేపలేదేటమ్మా?"

"నీ నిద్ర పాడవుతుందని."

నాన్న రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఇంక కాలేజీ సంగతి..." అని మొదలుపెట్టింది. నాన్న తలెత్తాడు. "అరిసిందని మానిపించేత్తావేటి? రేపు పొద్దున్న నానే బస్సెక్కిస్తాను" అన్నాడు. డ్యూటీ దిగి వచ్చి, నిద్ర కళ్ళతోనే ఎక్కించాడు కూడా.

తర్వాతిసారి నూకరత్నం వచ్చి మెల్లగా తలుపు తడితే నాన్నే తీశాడు. "ఇకమీదట మా బ్లాకులో గట్టిగా కేకేసి అమ్ముకో నూకరత్నం. లెగిస్తే లెగుత్తాం" అన్నాడు. ఆవిడ నా వైపు చూసి కన్నుగీటింది. ఆ రోజు ఆవిడ వేసిన కేకకి ఎదురు బ్లాకులో పిల్లలు కూడా బాల్కనీల్లోకి పరిగెత్తుకొచ్చారు.

నూకరత్నం పోయి రెండేళ్ళయింది. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, చివరిచూపు దక్కలేదు. ఆ బాధ ఉంది, ఉంటుంది. నేనిప్పుడు ఆటోనగర్‌లో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలకి మొదటి వారంలోనే మణికట్టు పాఠమూ, కేక పాఠమూ చెప్తాను. ఎవరి గొంతైనా పిల్లికూతలా వస్తే నవ్వను. మా ఇంట్లో ఉన్న నియమం ఒక్కటే: ఎవరు పడుకున్నా, ఎంత అలిసిపోయి పడుకున్నా, లేపొచ్చు.

ఇవాళ సెలవు రోజు. చేపల బండి ఆగకుండా వీధి మలుపు దాటిపోతోంది. బాల్కనీలో కాళ్ళు ఎడంగా పెట్టి, పొట్టలోంచి ఒక్క కేక వేశాను. "ఓ చేపలబ్బాయ్, ఆగు!" ఎదురింటివాళ్ళు తిరిగి చూశారు. బండి ఆగింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. రిటైరై ఇన్నేళ్ళయినా నాన్నకి పగటి నిద్ర అలవాటు పోలేదు.

"ఏటమ్మా?" అప్పుడే తలుపు దాకా వచ్చేశాడు, చెప్పులైనా లేకుండా.

"ఏం లేదు నాన్నా, చేపలకోసం. నువ్వు పడుకో."

"పర్వాలేదులే, లెగిసే ఉన్నాను" అన్నాడు నాన్న.