పెద్ద కానీ

హిందీలో ఒక్క చిన్న మాట నా కాపురాన్నీ నా కాళ్లనూ ఒకేసారి ఎలా పరిగెత్తించిందో చెబుతాను. నవ్వదలచుకున్నవారు మొహమాటపడక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. మాది అనకాపల్లి, బెల్లం వ్యాపారం. మార్కెట్లో దిమ్మ కనబడగానే గోటితో గీకి, నాలుక మీద వేసుకుని, అమ్మేవాడి ముఖంలోకి అనుమానంగా చూడటం నాకు అలవాటు. అది మార్కెట్‌తో ఆగితే బాగుండేది. పెళ్లయిన కొత్తలో మాడుగుల అత్తారింటికి వెళ్లినప్పుడు, మామగారు తన షాపులోంచి ప్రేమగా తెచ్చిపెట్టిన హల్వాను కూడా అలాగే గీకి, "నెయ్యేనా మావయ్యగారూ?" అని అడిగాను. ఆయన ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ప్లేటు వెనకే నా కాపురమూ వెళ్లిపోవాల్సింది. మా ఆవిడ పద్మ పోనీలే అని ఆఖరి అవకాశం ఇచ్చింది. అప్పటికే అండమాన్ ట్రిప్పుకు టిక్కెట్లు తీసి ఉన్నాను. బయల్దేరే ముందు ఒక్కటే షరతు పెట్టింది.

"ఈ ట్రిప్పులో మీరు ఎవర్నైనా అనుమానించేరని తెలిసిందంటే, విమానం దిగి తిన్నగా మాడుగుల ఎలిపోతాను. మళ్లీ పిలిసినా రాను. ఆలోసించుకోండి."

ఆలోచించుకున్నాను. విమానంలో తల పైన ఆక్సిజన్ మాస్కులు నిజంగా ఉన్నాయో లేదో మూత లాగి చూద్దామని చేతులు దురద పెట్టాయి. ఆ చేతుల మీదే కూర్చుని ప్రయాణం చేశాను.

అక్కడ మా గైడు పేరు బిశ్వాస్. విశ్వాసాన్ని బెంగాలీలో అలా పలుకుతారట. ఇంత నమ్మకమైన పేరు పెట్టుకుని తిరుగుతున్నాడంటే ఇందులో ఏదో ఉందని నాకు అప్పుడే అనిపించింది. అయినా షరతు గుర్తొచ్చి నమస్కారం పెట్టాను.

అతను మమ్మల్ని తీసుకెళ్లిన దీవిలో మూడు నడక దారులున్నాయి. పెద్దవాళ్లకు సముద్రం ఒడ్డునే చదునైన దారి. కాస్త నడవగలిగినవాళ్లకు అడవిలోంచి ఒకటి. గట్టివాళ్లకు తిన్నగా కొండ మీదికి. బిశ్వాస్ మమ్మల్ని నిలబెట్టి, ఎగాదిగా చూసి, చేతులకు రిబ్బన్లు కట్టాడు. పద్మ స్కూల్లో డ్రిల్ టీచరు కాబట్టి ఎర్ర రిబ్బన్, అంటే కొండ. నా దగ్గరికి వచ్చి, నా పొట్టను కాసేపు గౌరవంగా చూసి, పచ్చ రిబ్బన్ కట్టాడు.

పద్మ ఇంకో గైడమ్మాయి వెంట కొండెక్కింది. నేను పెద్దవాళ్లతో ఒడ్డున మిగిలాను. వాళ్లలో మాడుగుల వైపు బుచ్చయ్యపేట నుంచి వచ్చిన సన్యాసినాయుడని ఒక చెరకు రైతు ఉన్నాడు. మాడుగుల అల్లుడినని తెలియగానే ఆయన నన్ను తనకూ అల్లుణ్ని చేసేసుకున్నాడు.

దారి బాగుంది. నీళ్లు ఒడ్డున పచ్చగా, లోపల నీలంగా, అడుగున ఇసుక కనబడేంత తేటగా ఉన్నాయి. మిగతావాళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను బిశ్వాస్‌ను చూస్తున్నాను. ఇంత అందాన్ని ఇంత సులువుగా చూపిస్తున్నాడంటే, అసలు సరుకు లోపలెక్కడో దాచే ఉంటాడు. వ్యాపారస్తుణ్ని, నాకు తెలీదా?

నేననుకున్నట్టే ఒకచోట చెట్ల మధ్యలోంచి పక్కదారి చీలింది. అడ్డంగా తాడు కట్టి, దానికో ఎర్రగుడ్డ వేలాడదీశారు. బిశ్వాస్ అక్కడ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఉధర్ మత్ జానా సాబ్. జగహ్ సుందర్ హై. మగర్ హై."

"ఏటంతన్నాడు అల్లుడా?" అన్నాడు నాయుడు మామ.

చిన్నప్పుడు హిందీ పరీక్షలు వరసపెట్టి పాసైనవాణ్ని నేను. లేకిన్ అంటే కానీ, పరంతు అంటే కానీ, మగర్ అంటే కానీ. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"అటు ఎల్లొద్దంట మామా. సోటు బాగుందంట. కానీ ఉందంట."

"కానీ ఏటి?"

"అదే సెప్పట్లేదు. కానీ అనేసి మిగతాది మింగేసేడు." నేను బిశ్వాస్ వైపు తిరిగి గట్టిగా అడిగాను. "మగర్ క్యా?"

"మగర్ హై సాబ్. బహుత్ బడా మగర్."

"పెద్ద కానీ అంట మామా."

నాయుడు మామ గడ్డం గోక్కున్నాడు. "కానీల్లో సిన్నా పెద్దా ఉంటాయేటి? మా ఇంటికాడ మా యావిడ ఏది సెప్పినా కానీ అంతాది. అంత పెద్దది మాత్రం నేనెప్పుడూ ఇన్లేదు."

నేను ఆయన మాట వినిపించుకోలేదు. నా అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోయింది. అక్కడ ఏదో అద్భుతమైన చోటుంది, ఎర్ర రిబ్బన్ల వాళ్ల కోసం దాచి ఉంచారు. పచ్చ రిబ్బన్ల వాళ్లకు ఇచ్చేది "కానీ". అందరూ కొబ్బరిబొండాల దగ్గర కూర్చోగానే, నెమ్మదిగా వెనక్కి వచ్చి తాడు దాటాను. ఎర్రగుడ్డ చూసి ఆగలేదా అంటారేమో. మా ఊళ్లో చెరకు లారీ వెనకాల అలాంటి గుడ్డే కడతారు. దాన్ని చూసి ఆగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

చోటు నిజంగానే అందంగా ఉంది. నీళ్లు కదలకుండా పడుకున్న ఒక పాయ, చుట్టూ వేళ్లు పైకి తేలిన చెట్లు, ఒడ్డున బురదలో ఒక దుంగ. బిశ్వాస్ ముఖాన కొట్టడానికి ఒక ఫోటో ఉండాలని వెనక్కి తిరిగి సెల్ఫీ పట్టాను. ఫోన్లో దుంగ నా వెనక దూరంగా ఉంది. జుట్టు సర్దుకుని మళ్లీ చూస్తే దగ్గరగా ఉంది. నాకు వెంటనే ఫోన్ మీద అనుమానం వచ్చింది, జూమ్ పాడైందేమోనని. అప్పుడు దుంగ కన్ను తెరిచింది.

ఆ తర్వాత నేను పరిగెత్తిన దారి ఏ రిబ్బన్‌దో నాకు తెలియదు. ఒక బూటు బురదలో ఉండిపోయింది. రాళ్లు, వేళ్లు, ముళ్లు, ఏవీ కనబడలేదు. కళ్లు తెరిచి చూసేసరికి కొండ మీద ఉన్నాను. ఎదురుగా చుట్టూతా సముద్రం, దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని పద్మ.

"పచ్చ రిబ్బన్ కట్టుకుని ఇక్కడికెందుకొచ్చేరు?" అంది. తర్వాత గొంతు మారింది. "నేనెవరితో మాటాడతన్నానో సూడ్డానికొచ్చేరా?"

నా పరిస్థితి ఆలోచించండి. అవునంటే పెళ్లాన్ని అనుమానించినట్టు. కాదని నిజం చెబితే గైడును అనుమానించినట్టు. ఎటు తిరిగినా బస్సు మాడుగులకే వెళ్తుంది. భయంతో నా నోట్లోంచి నా జీవితంలో ఎన్నడూ రాని మాట వచ్చింది.

"నువ్వు లేకండా సముద్రం సూడబుద్ధి కాలేదు పద్మా."

పద్మ కళ్లు చెమర్చాయి. "ఈ పొట్టేసుకుని, ఇంత కొండా, నాకోసం ఎక్కేరా?" అంటూ చున్నీతో నా ముఖం తుడిచి, నీళ్లు పట్టించింది. గైడమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గేసింది గానీ, ప్రాణానికి హాయిగా కూడా ఉంది.

ఆ హాయి మధ్యలోకి బిశ్వాస్ రొప్పుతూ వచ్చాడు. చేతిలో నా బూటు ఉంది.

"సాబ్, ఆప్ ఠీక్ హై? మగర్ దేఖా?"

క్షేమమేనా, మొసలిని చూశారా అంటున్నాడు; హిందీలో మగరంటే మొసలి కూడానని నాకు అప్పటికి వెలిగింది.

"ఏటంతన్నాడండీ?" అంది పద్మ.

"ఇలాంటి మొగుణ్ని ఎక్కడా సూళ్లేదంతన్నాడు."

పద్మ మురిసిపోయి బిశ్వాస్ వైపు తిరిగి దండం పెట్టింది. పాపం, తన మాట అర్థం కాలేదనుకున్నాడో ఏమో, అతను బూటు కింద పెట్టి, బోర్లా పడుకుని, రెండు చేతులూ బారుగా చాపి, ఒకదాని మీద ఒకటి టప్పుమని మూశాడు. తర్వాత లేచి నా వైపు వేలు చూపించి, ఉన్నచోటే గబగబా పరిగెత్తి చూపించాడు. మొత్తం కథ చెప్పడానికి హిందీ అక్కర్లేకపోయింది.

పద్మ బూటు చూసింది. నన్ను చూసింది. నేను మాడుగుల బస్సు టైము గుర్తు చేసుకుంటున్నాను. ఆవిడ మాత్రం ఒక్కసారిగా రాతి మీద కూలబడి, కడుపు పట్టుకుని, కన్నీళ్లు కారేదాకా నవ్వింది. పుట్టింటికి వెళ్లలేదు. వెళితే ఇది రోజూ గుర్తు చేసి నవ్వడానికి నేను దొరకనని ఆగిపోయిందట.

దాని ఫలితం నేటికీ అనుభవిస్తున్నాను. నేను ఎంత ప్రేమగా ఒక్క మాటన్నా, పద్మ ముందు నా భుజం మీంచి వెనక్కి తొంగి చూసి, "ఏటి, ఎనకాల మొసలుందా?" అంటుంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ మనిషినీ అనుమానించను. దుంగల్ని మాత్రం వదిలేది లేదు.