కొత్త బోరు

"గరుకు కాగితంతో సిలిండరు గీతలు రుద్దెయ్, పిస్టను వేసెయ్, నడుస్తుంది" అంటున్నాడు హవల్దారు.

"నడవదు సాబ్. కిక్కు కొడితే గాలి నిలబడటం లేదు. సిలిండరు లోపల చెక్కించి, బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టను వేస్తే తప్ప బండి గట్టు ఎక్కదు" అంటున్నాడు రైడరు.

"నీ బోరు కోసం వాన ఆగుతుందా?"

"సగం దారిలో ఆగిపోతే మీరొచ్చి తోస్తారా?"

నేను ట్రక్కు దిగేసరికి ఈ గొడవ నడుస్తోంది. తిల్దా దాటాక ఏటి ఒడ్డున మూతపడ్డ రైసు మిల్లు షెడ్డు మా క్యాంపు. రేకుల మీద వాన. నేల మీద గోనెపట్టాలు, వాటి మీద విప్పిన మోటారు సైకిలు ఇంజను. నా సామాను ఒక ట్రంకు పెట్టె, రెండు జతల ఖాకీ, ఒక గొడుగు. డ్యూటీలో గొడుగు పనికిరాదని హవల్దారు ముందే చెప్పాడు. ట్రంకులో పెట్టేశాను.

మాది సైన్యం కాదు, హోంగార్డు. కానీ పరేడు అదే, హుకుం అదే. అప్పటికి రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. మా ఆయన రైల్వే గ్యాంగులో పనిచేస్తూ పోయాడు. అయిదో తరగతి చదువుకు ఖాకీ దొరకడమే ఎక్కువ. వరదలో ఊళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని పడవ ఎక్కరు. అందుకని నన్ను పంపారు.

కింద ఏటి వంపులో ఒక ఊరుంది. ఫోను లేదు. వానల్లో జీపు పోదు. గట్టు మీద బురద బాట ఒక్కటే దారి. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తారని వైర్‌లెస్‌లో వస్తే, ఆ మాట ఊరికి చేర్చేది ఈ గుబ్బల టైర్ల టూ స్ట్రోక్ బండే. సిలిండరులో వేలు పెట్టి చూశాను. గోరు తగులుకునేంత గీతలు. రైడరు మాటే సబబనిపించింది.

రైడరు మా రైల్వే కాలనీ వాడే, శ్రీకాకుళం వైపు మనిషి. అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అనేవాడు. రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో లేతు మర పెట్టుకున్నవాడూ మా వైపువాడే కాబట్టి నన్నే వెళ్ళి రమ్మన్నాడు హవల్దారు. సిలిండరును గోనెలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

బీర్‌గావ్‌లో ఒక్క మర చప్పుడు లేదు. విశ్వకర్మ పూజ. వానలో క్యాంపులో అందరం తారీకే మరిచాం. మరలన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి నిలబెట్టారు.

"ఈయాల మర కదపకూడదొదినా. రేపు పొద్దున్న మొదటి పని నీదే" అన్నాడు లేతు అతను.

"ఈలోగా ఊరు మునిగితే ఏటి సేస్తావు?"

"పూజ రోజున తిప్పితే మర సెయ్యి అడుగుతాది. పోయినేడు మా తమ్ముడు తిప్పినాడు. సూడు."

తమ్ముడు ప్రసాదం పంచుతున్నాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. ప్రసాదం తీసుకుని కాలనీలో మా ఇంటికి పోయాను.

మర్నాడు చెప్పినట్టే పొద్దున్నే బోరు కొట్టాడు. లోపలి రంధ్రాల అంచులు రింగులకు తగలకుండా నున్నగా అరగదీశాడు. కొత్త పిస్టను చేతిలో పెట్టి ఒకటికి రెండుసార్లు చెప్పాడు: ఒక రోజంతా మెల్లగా నడపాలి, ఆగి ఆగి చల్లార్చాలి, పెట్రోలులో నూనె కాస్త ఎక్కువ కలపాలి, ఒకేసారి లాగితే వేడికి పిస్టను ఉబ్బి పట్టేస్తుంది. ఆ ఒక్క రోజే పూజకు పోయింది.

మధ్యాహ్నం దాటాక రైడరు బిగించాడు. మూడో కిక్కుకు బండి పలికింది. షెడ్డు చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిప్పి, ఆపి, సిలిండరు మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటున్నాడు. అప్పుడే వైర్‌లెస్ గరగరలాడింది.

"గేట్లు ఎత్తారు. కింది ఊరికి చెప్పండి. ఓవర్."

"చెప్తాం. ఓవర్" అన్నాడు హవల్దారు. రైడరు వైపు తిరిగి, "సర్కారీ బండి. ఎక్కడా వదిలి రావద్దు" అన్నాడు. అది అతను అందరికీ రోజూ చెప్పే మాటే.

"ఆగి ఆగి ఎల్లమన్నాడురా" అన్నాను.

"నానాగితే నీళ్ళు ఆగవప్పా."

టాంకులో ఇంకో మూతెడు నూనె పోసి పోయాడు. గట్టు మీద చాలా దూరం దాకా ఆ చప్పుడు వినిపించింది. ఒక్కసారి కూడా తగ్గలేదు.

చీకటి పడకముందు పడవలో మేము ఊరు చేరేసరికి అందరూ బడి మేడ మీద ఉన్నారు. పిల్లలతో, మేకలతో, ఒక్కరూ తగ్గకుండా. రైడరు లేడు. ఉండిపొమ్మంటే వినలేదట, సర్కారీ బండి అప్పజెప్పాలని గట్టు పట్టుకుని వెనక్కి పోయాడట.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాయి. గట్టు ఒకచోట తెగి ఉంది. తెగినచోటికి ఊరి వైపున, చేతిలావు తుమ్మ మొక్కకు ఆనించి బండి నిలబడి ఉంది. కిక్కు మీద హవల్దారు ఎక్కి నిలబడ్డాడు. కిక్కు కిందికి దిగలేదు. పిస్టను పట్టేసింది. హ్యాండిలునూ తుమ్మ మొక్కనూ కలిపి రైడరు తన బెల్టు బిగించి, నడిచి పోయాడు. ఇత్తడి బకిలు పరేడుకు తోమినట్టే మెరుస్తోంది. ఇన్నేళ్ళయినా కళ్ళు మూస్తే అదే మెరుస్తుంది.

రైడరు తెగినచోటికి కింద వరి చేలో దొరికాడు.

తోలు నానిపోయి బకిలు రాలేదు. హవల్దారు కత్తి తీశాడు. కొయ్యద్దన్నాను. పళ్ళతో పట్టి లాగి విప్పి, తీసుకెళ్ళి రైడరు నడుముకు పెట్టాను. బండినీ అతన్నీ ఒకే ట్రక్కులో ఎక్కించారు. ట్రంకులోని గొడుగు తెచ్చి అతని మొహం మీద విప్పి పట్టుకుని రాయపూర్ దాకా కూర్చున్నాను.