నలుగు పిండి

మొన్న అంగట్లో కస్తూరి పసుపు వాసన తగలగానే సోగత్తూరులోని మా ఇల్లు గుర్తొచ్చింది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. నాకు ఏడేళ్ళు. నాన్న చెల్లెలైన మా అత్త మాతోనే ఉండేది. ప్రతి ఆదివారం పెసరపిండి, కస్తూరి పసుపు పెరుగులో కలిపి ముఖానికి పూసుకునేది. మిగిలింది నా బుగ్గలకు రాసేది. అది ఎండేదాకా ఎవరు నవ్వకుండా కూర్చుంటారని మా ఇద్దరికీ పందెం.

ఒకరోజు అవ్వ, "బాగా పూసుకోమ్మే. పొంగల్ అయినాక పెండ్లికొడుకు వాళ్ళు వస్తారు. మొగం నిగనిగలాడితే ఒప్పుకొని పిల్చుకొని పోతారు," అంది.

నేను పిండి డబ్బా ఎత్తుకెళ్ళి ఆవుల కుడితి తొట్టిలో కుమ్మరించాను.

అత్త నా పచ్చటి చేతులు చూసింది. "ఏమే, నువ్వేనా పోసేసినావు?"

"నువ్వు పోవద్దత్తా," అన్నాను.

అత్త నా చేతులు కడిగింది. "పిండి అయిపోయిందమ్మా," అని అవ్వతో చెప్పింది.

వాళ్ళు వచ్చారు, ఒప్పుకున్నారు. పెళ్ళయి అత్త కారిమంగళంలోని అత్తగారింటికి వెళ్ళిపోయింది. కానీ పెళ్ళయ్యేదాకా ఆమె మళ్ళీ పిండి ఆడించలేదు. ఆడించకపోవడం నా గెలుపే అని అప్పుడు అనుకున్నాను. ఆమెకూ మా దగ్గరే ఉండిపోవాలని ఉండేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.